కాపలావాడే తాళం తీశాడు

రామాయంపేటలో నిజామాబాదు బస్సెక్కితే కామారెడ్డి వస్తుంది, ఆ తరవాత ఇందల్వాయి అడవి, అది దాటితే డిచ్‌పల్లి. ఇవాళ డిచ్‌పల్లి అంటే పిల్లలకి తెలంగాణ విశ్వవిద్యాలయం గుర్తొస్తుంది. మన అమ్మమ్మల కాలంలో ఆ ఊరి పేరు అంత మామూలుగా పలికేవారు కాదు. ఫలానా ఇంటివాళ్ళ అబ్బాయిని "డిచ్‌పల్లికి తీసుకుపోయారట" అంటే అది గొంతు తగ్గించి అనే మాట. వినేవాళ్ళు మరో ప్రశ్న వేయరు. ఆ ఇంటితో సంబంధం మాట్లాడుతూ ఉంటే మెల్లిగా ఆ మాటలు ఆగిపోతాయి. ఎందుకంటే అక్కడ ఉన్నది పెద్దరోగం ఆస్పత్రి.

ఆ ఆస్పత్రి పెట్టింది ఒక ఆడమనిషి. డాక్టరు ఇసబెల్ కెర్. స్కాట్లండులో పుట్టి, అబర్డీన్‌లో వైద్యం చదివి, పాదరీ అయిన భర్తతో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. రామాయంపేటకి పడమట, మెదక్‌లో ఆకాశాన్నంటే చర్చి కట్టించిన వెస్లియన్ మెథడిస్టు మిషనే వీళ్ళదీనూ. నిజామాబాదులో అయినవాళ్ళే గడప దించేసిన కుష్ఠురోగుల్ని చూసి ఆమె ఊరుకోలేకపోయారు. నర్సాగౌడ్ అనే స్థానిక ధనికుడు విరాళమిచ్చారు. 1915 నాటికి డిచ్‌పల్లిలో ఆస్పత్రి లేచింది.

మరి మందో? అప్పట్లో మందంటే చాల్మోగ్రా నూనె. మన నాటువైద్యులు ఎరిగిన నీరడి విత్తులు కూడా ఆ జాతి చెట్టువే. సూదితో ఒంట్లోకి ఎక్కిస్తే వాచిపోయి, మండిపోయి మనిషి విలవిల్లాడేవాడు. కొందరికి గుణం కనిపించేది. చాలామందికి ఆశ మాత్రమే కనిపించేది. అయినా ఆ నూనె కోసం జనం నడిచి వచ్చేవారు, ఎందుకంటే అక్కడ కనీసం చేత్తో ముట్టుకునేవాళ్ళు ఉన్నారు.

నేను చెప్పబోయేది మాత్రం ఆ నూనె కథ కాదు. దాని తరవాత వచ్చిన ఒక చిన్న మాత్ర కథ. ఆ మాత్ర ఒక మహారోగాన్ని లొంగదీసింది. దాని తోబుట్టువు ముందు మాత్రం చేతులెత్తేసింది. ఎందుకు?

తోబుట్టువులని ఊరికే అనలేదు. కుష్ఠురోగపు క్రిమిని 1873లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టాడు. క్షయ క్రిమిని 1882లో జర్మనీలో రాబర్ట్ కోక్ కనిపెట్టాడు. రెంటికీ ఇంటిపేరు ఒకటే, మైకోబాక్టీరియం. రెండూ ఒంటికి మైనంలాంటి దట్టమైన పూత పూసుకుని ఉంటాయి. రెండూ తాపీగా పెరుగుతాయి, తొందరపడవు, ఏళ్ళ తరబడి మనిషిలో కాపురం చేస్తాయి. అలాంటప్పుడు 1952లో క్షయకి ఐసోనియాజిడ్ అనే మందు దొరికిందనగానే, కుష్ఠు వైద్యులకి ప్రాణం లేచి వచ్చిందంటే ఆశ్చర్యమేముంది? వెంటనే వాళ్ళూ వాడి చూశారు. అక్కని అంత తేలిగ్గా పట్టేసిన మందు చెల్లెలి చీర కుచ్చెళ్ళు కూడా కదపలేదు. ఎందుకో తెలియలేదు. జవాబు దొరకడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

ఆ జవాబు మొదలయ్యేది పెద్ద ప్రయోగశాలలో కాదు, మన ఇళ్ళల్లో మందుల డబ్బా దగ్గర.

పిల్లవాడు మోకాలు చెక్కుకుని వస్తే కాంపౌండరు సీసాలోంచి నీళ్ళలాంటి మందు తీసి దూదితో అద్దేవాడు, గుర్తుందా? అద్దగానే గాయం మీద బుసబుసా తెల్లటి నురగ పొంగేది. దాని పేరు హైడ్రోజన్ పెరాక్సైడ్. మామూలు నీళ్ళే, కాకపోతే ప్రాణవాయువు ఒక పాలు ఎక్కువ. ఆ ఎక్కువ పాలే దాని పొగరు, తగిలినదాన్నల్లా కాలుస్తుంది. 1818లో ఫ్రాన్సులో తెనార్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు దీన్ని మొదటిసారి తయారుచేశాడు. జంతువుల కండ తగిలితే ఇది బుడగలు కక్కుతోందని కూడా అతడే గమనించాడు. ఆ బుడగలకి కారణమైన పదార్థానికి 1900 ప్రాంతంలో ఆస్కార్ లోవ్ 'కాటలేజ్' అని పేరుపెట్టాడు. కాటలేజ్ చేసే పని ఒక్కటే. పెరాక్సైడుని పట్టుకుని నీళ్ళుగానూ, ప్రాణవాయువుగానూ విడగొట్టేయడం. మనం చూసే నురగ ఆ విడిపోయిన గాలే. ఒక్క కాటలేజ్ అణువు ఒక్క సెకనులో లక్షల పెరాక్సైడ్ అణువుల పని పడుతుందంటే, ఇక ఇంత చురుకైన పనిమనిషి మనకెక్కడ దొరుకుతుంది!

అయితే మన నెత్తుట్లో, కండలో ఆ కాటలేజ్‌కి పనేమిటి? మనమేం పెరాక్సైడ్ తాగుతున్నామా? తాగనక్కర లేదు. ఊపిరి తీసే ప్రతి ప్రాణిలోనూ అది కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటుంది.

ప్రాణవాయువు అని మనం ముద్దుగా పేరు పెట్టుకున్నాం గానీ, దాని రెండో గుణం వంటింటి వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. తరిగిన వంకాయ ముక్కలు నల్లబడకుండా ఉప్పునీళ్ళలో ఎందుకు వేస్తాం? ఆవకాయ మీద రెండు వేళ్ళ ఎత్తు నూనె తేలాలని ఎందుకు పట్టుబడతాం? కత్తిపీట తుడవకుండా పెడితే కోడలికి ఎందుకు మాట పడుతుంది? పాత నూనె డబ్బా మూత తీయగానే ముక్కు ఎందుకు మూసుకుంటాం? అన్నిటా గాలిలోని ఆ వాయువు చేసే పనే. మనల్ని బతికించేదే మెల్లిమెల్లిగా తుప్పు కూడా పట్టిస్తుంది.

భూమి పుట్టిన కొత్తలో గాలిలో ఈ వాయువు లేదనే చెప్పాలి. దాదాపు 240 కోట్ల ఏళ్ళ కిందట, ఎండని తిని బతకడం నేర్చిన నీలాకుపచ్చని సూక్ష్మజీవులు దీన్ని వదలడం వల్ల గాలిలో పేరుకోవడం మొదలైంది. అప్పటి జీవాలకి అది శుద్ధ విషం. కొన్ని చచ్చాయి, కొన్ని బురద లోతుల్లోకి పారిపోయాయి. మిగిలినవి తట్టుకోవడం నేర్చుకున్నాయి. ఆ నేర్పు చేతికొచ్చాక ఆ విషాన్నే పొయ్యిలో మంటలా వాడుకుని బలిశాయి. మనం ఆ మూడో రకం వాళ్ళ వారసులం.

తట్టుకోవడమంటే ఎప్పుడూ కత్తి పట్టుకుని కూర్చోవడం కాదు, అది ఖర్చు. ప్రమాదం వచ్చినప్పుడు తెలియాలి, పోయినప్పుడూ తెలియాలి. కంటికి కనపడని క్రిమికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? 1985లో అమెరికాలో బ్రూస్ ఏమ్స్ బృందం ఈ కిటుకు బయటపెట్టింది. మన పేగుల్లో ఉండే రకాల క్రిముల్లో ఆక్సీ-ఆర్ అనే ఒక ప్రొటీను ఉంది. దానికి గంధకం కలిగిన రెండు కొసలున్నాయి. మామూలప్పుడు అవి విడివిడిగా ఉంటాయి. లోపల పెరాక్సైడ్ కాస్త పెరగగానే ఆ రెండు కొసలూ ఒకదానికొకటి ముడిపడతాయి. ముడిపడగానే ప్రొటీను ఆకారం మారి, కాటలేజ్ చెయ్యి, తుప్పు వదిలించు, అంటూ జన్యువుల్ని నిద్ర లేపుతుంది. ప్రమాదం తీరాక ముడి విప్పేస్తారు. మనం బజారుకి వెళ్ళేటప్పుడు ఇంగువ మరచిపోకుండా కొంగున ముడి వేసుకోమూ? అదే. ఆర్ట్సు చదువుకున్న నాకు ఈ ఒక్క సంగతీ చాలు, వాళ్ళ బుద్ధికి దణ్ణం పెట్టడానికి. ఆ క్రిములకా, శాస్త్రజ్ఞులకా అని మాత్రం అడక్కండి.

ఇక అసలు యుద్ధం. మన నెత్తుట్లో క్రిముల్ని మింగేసే కణాలున్నాయి. మింగిన క్రిమి మీద అవి పోసేది ఇదే: పెరాక్సైడూ, దాని చుట్టాలైన మరికొన్ని ఘాటైన విషాలూ. అంటే కాంపౌండరు పైన అద్దే మందుని మన ఒళ్ళు లోపల తనే తయారుచేసి వాడుతోందన్నమాట. చాలా క్రిములు ఆ స్నానంతో సరి. క్షయ క్రిమి మాత్రం ఆ కణం కడుపులోనే మకాం పెడుతుంది. మైనపు పూత దానికి గోడ. గుమ్మం దగ్గర కూర్చున్న కాపలావాడు కాటలేజ్. పోసిన విషాన్ని పోసినట్టే నీళ్ళుగా మార్చేస్తుంటాడు.

చిత్రమేమిటంటే క్షయ క్రిమిలో ఆ కొంగుముడి ప్రొటీను జన్యువు చెడిపోయి ఉందని 1995లో తేలింది. కబురు చెప్పేవాడు లేడు, కాపలావాడు మాత్రం ఉన్నాడు. ఇంత భారం ఒక్కడి మీదే మోపితే ఏమవుతుందో ముందు ముందు చూస్తాం.

క్షయ మనకి కొత్త కాదు. దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్ళని కట్టుకుని రోహిణి ఒక్కదాని దగ్గరే కాలక్షేపం చేసినందుకు చంద్రుడికి మామగారిచ్చిన శాపమే క్షయ అని పురాణం. రాజుకి పట్టింది గనక రాజయక్ష్మ అన్నారు. మామూలు ఇళ్ళల్లో పట్టినప్పుడు అంత గౌరవమేం దక్కలేదు. డబ్బున్నవాళ్ళు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి పంపేవారు. మిషన్లన్నీ కలిసి 1915లో తెరిచిన ఆ శానిటోరియానికి డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ పెద్ద. మన వైపు వాళ్ళకి తరవాత వికారాబాదు అనంతగిరి కొండ ఉండనే ఉంది. మంచి గాలి, పాలు, గుడ్లు, మంచం మీద పడుకోవడం, ఇంతే వైద్యం. డబ్బు లేనివాళ్ళకి పెరటి వసారాలో మంచం, విడి కంచం, విడి చెంబు. ఆ విడి కంచం ఎవరు కడగాలి? ఇంటి ఆడవాళ్ళే. రోగం తనకే వస్తే మాత్రం కోడలిని పుట్టింటికి పంపేవాళ్ళు. క్షయ మీద వచ్చిన కథల్లో హీరోయిన్లు అందంగా దగ్గి చనిపోతారు. నిజంగా చనిపోయినవాళ్ళ సంగతి ఎవరూ రాసుకోలేదు.

ఐసోనియాజిడ్ పుట్టుక తలచుకుంటే మనసుకి కష్టంగా ఉంటుంది. ఆ రసాయనాన్ని 1912లోనే ప్రాగ్ నగరంలో హాన్స్ మేయర్, యోసెఫ్ మాలీ అనే ఇద్దరు తయారుచేశారు, డాక్టరేటు పట్టా కోసం. పట్టా వచ్చింది, కాగితాలు అల్మైరాలోకి వెళ్ళాయి. అది క్షయని చంపుతుందని వాళ్ళకి తెలిసే దారే లేదు. నలభై ఏళ్ళు ఆ మందు అలా పడి ఉంది, ఆ నలభై ఏళ్ళూ లోకంలో జనం దగ్గుతూ పోతూనే ఉన్నారు. 1951లో మూడు కంపెనీలు, రోష్, స్క్విబ్, బేయర్, ఒకరికి తెలియకుండా ఒకరు దాని దగ్గరికే చేరాయి. అందరూ చేసేసరికి, ఎప్పుడో తయారైన పదార్థం గనక పేటెంటు ఎవరికీ దక్కలేదు. మందు చవకగా ఉండిపోయింది. వ్యాపారుల దురదృష్టం బీదవాళ్ళ అదృష్టం కావడం అరుదు; ఇది అలాంటిది. 1952లో న్యూయార్కు సీ వ్యూ ఆస్పత్రిలో, చావు కోసం ఎదురుచూస్తున్న రోగులు ఆకలి వేసి అన్నాలడిగి, లేచి వార్డులో నాట్యాలు చేశారు. పత్రికల్లో ఫోటోలు పడ్డాయి.

ఆ నాట్యం అయీ అవకుండానే కొందరికి రోగం తిరగబెట్టింది. మందు అదే, మనిషి అదే, క్రిమి మాత్రం లొంగడం మానేసింది. డెన్వర్‌లో గార్డ్‌నర్ మిడిల్‌బ్రుక్ అనే వైద్యుడు ఇలా మొండికేసిన క్రిముల్ని పెంచి, వాటి మీద పెరాక్సైడ్ పోసి చూశాడు. మామూలు క్షయ క్రిములైతే నురగ పొంగాలి. వీటిలో చాలావాటికి పొంగలేదు! 1954లో ఆ సంగతి ప్రకటించాడు. మందుకి లొంగని క్రిములు తమ కాటలేజ్‌ని పోగొట్టుకున్నాయి. పైగా వాటిని గినీ పందులకి ఎక్కిస్తే జబ్బు అంతగా ముదరలేదు. కాపలావాడు లేని ఇల్లు గదా, శత్రువు పోసిన విషానికి తట్టుకోలేకపోయింది.

ఇక్కడే తికమక. కాటలేజ్ ఉంటే మందుకి చస్తుంది, లేకపోతే మందుకి చావదు. రక్షించేవాడు ఉండటమే చావుకి కారణమా?

ఈలోగా కథ మన దగ్గరికి వచ్చింది. 1956లో మద్రాసులో క్షయ మందుల పరిశోధనా కేంద్రం తెరిచారు, భారత వైద్య పరిశోధనా మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి కలిసి. మొదట్లో దాన్ని నడిపినవారు డాక్టరు వాలెస్ ఫాక్స్. ఆ ఊళ్ళోని బీద ఇళ్ళ రోగుల్ని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకి శానిటోరియం మంచం, మంచి తిండి, విశ్రాంతి. రెండో జట్టుకి తమ ఇరుకు ఇల్లే, తమ గంజే. ఇద్దరికీ మందు ఒకటే, ఐసోనియాజిడ్, దానితో పాటు పాస్ అనే మరో మందు, ఏడాదిపాటు. 1959లో ఫలితం చెప్పారు. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. వాళ్ళతో కలిసి తిని, కలిసి పడుకున్న ఇంటిల్లిపాదికీ అదనంగా జబ్బేం అంటుకోలేదు. కొండల మీది శానిటోరియాలు లోకమంతటా మెల్లిగా మూతపడటానికి ఈ మద్రాసు లెక్క పెద్ద కారణం. విడి కంచం కడిగిన ఇల్లాళ్ళ తరపున ఒక నమస్కారం నాది కూడా.

ఆ కేంద్రం ప్రయోగశాలలో వాళ్ళు మరో పని చేశారు. దక్షిణాది రోగుల కఫంలోంచి, ఇంకా మందు మొదలుపెట్టక ముందే, క్రిముల్ని తీసి, ఇంగ్లండు రోగుల క్రిములతో పక్కపక్కన పెట్టి చూశారు. మన క్రిముల్లో చాలా భాగం గినీ పందుల్లో నీరసంగా ఉన్నాయి. అవే పెరాక్సైడుకి తేలిగ్గా చచ్చిపోతున్నాయి కూడా! 1960లో సుబ్బయ్య, మిచిసన్, సెల్కన్ ఈ పెరాక్సైడ్ సంగతి రాశారు. అంటే మన క్షయ మెత్తని క్షయ అనుకునేరు. అవే క్రిములు మోసిన మద్రాసు మనుషుల ఊపిరితిత్తులు జల్లెడలైపోయి ఉన్నాయి. గినీ పంది సాక్ష్యం గినీ పందికే. కానీ క్రిమి బలానికీ, విషాన్ని అది ఓర్చుకునే శక్తికీ ఏదో లంకె ఉందన్నది మాత్రం మన ఊళ్ళ కఫంలోంచే అంత స్పష్టంగా కనిపించింది.

తికమకకి విడుపు 1992లో. లండనులో పనిచేస్తున్న యింగ్ జాంగ్ అనే చైనా శాస్త్రజ్ఞుడు, పారిస్‌లోని స్టీవర్ట్ కోల్ తదితరులు కలిసి, క్షయ క్రిమిలో కాటలేజ్ తయారుచేసే జన్యువుని పట్టుకున్నారు. క్యాట్-జి దాని పేరు. మందుకి లొంగని క్రిములకి ఆ జన్యువు తిరిగి అందిస్తే మళ్ళీ లొంగాయి. ఐసోనియాజిడ్ మాత్ర మన ఒంట్లోకి వెళ్ళేటప్పుడు నిజానికి మందు కాదు. అది కట్టు విప్పని మూట. క్రిమి లోపలికి వెళ్ళాక అక్కడి కాటలేజ్, పెరాక్సైడుని విడగొట్టే అలవాటు చేత్తోనే, దీన్ని కూడా పట్టుకుని విప్పుతుంది. లోపలినుంచి విషం బయటపడి ఆ మైనపు పూత పూసే పనిని ఆపేస్తుంది. గోడ కట్టుకోలేక క్రిమి చస్తుంది. కోట్ల ఏళ్ళుగా ఇంటిని కాపాడినవాడే కొత్త అతిథికి తాళం తీసి లోపలికి రమ్మన్నాడు.

ఇక చెల్లెలి సంగతి ఊహించే ఉంటారు. 2001లో కోల్ బృందం కుష్ఠు క్రిమి జన్యువులన్నిటినీ వరసగా చదివింది. అలా చదవడానికి తీసుకున్న క్రిమి తమిళనాడు నుంచి వచ్చినదే. దాని ఇల్లంతా పాడుపడిన మేడలా ఉంది. పనిచేసే జన్యువులు 1600 ఉంటే, చెడిపోయి మూలపడినవి 1100 పైచిలుకు. మనిషి నరాల మాటున హాయిగా కూర్చుని, పని లేని నౌకర్లందర్నీ ఒక్కొక్కరినే మానిపించేసిందన్నమాట. ఆ మానిపించిన వాళ్ళల్లో క్యాట్-జి కాపలావాడు ఒకడు. ఇక మూట విప్పేదెవరు? డిచ్‌పల్లి లాంటి చోట్ల ఆశగా మింగిన ఐసోనియాజిడ్ మాత్ర క్రిమి దాకా వెళ్ళినా, ముడి విప్పకుండానే తిరిగి వచ్చింది. పాపం, అప్పటి వైద్యుల తప్పూ లేదు, మందు తప్పూ లేదు. కుష్ఠుకి వేరే మందులు కావలసి వచ్చాయి. 1940లలో డాప్సోన్ తరగతి మందులు, 1981లో రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చాయి. నీరడి నూనె సూదులు పోయాయి. ఆ రోగం ఇవాళ నయమయ్యే రోగం. సంబంధాలు మాట్లాడేవాళ్ళకి ఈ కబురు ఇంకా అందవలసి ఉంది.

అక్క మాత్రం ఊరుకోలేదు. మందు సగంలో ఆగితే, లేదా ఒక్క మందే వాడితే, కోట్ల క్రిముల్లో ఎక్కడో కాపలావాడిని పోగొట్టుకున్న ఒకటి మిగిలిపోయి పిల్లల్ని కంటుంది. రెండు నెలలకి దగ్గు తగ్గగానే, ఇంట్లో అత్తగారికి తెలియకుండా దాచుకుని మింగుతున్న మాత్రలు ఆపేసిన పిల్ల ఒంట్లో ఇదే జరుగుతుంది. ఆ పిల్లని తిట్టే డాక్టర్లంటే నాకు పడదు. దాచుకునేలా చేసినవాళ్ళని ముందు తిట్టాలి. కాపలావాడు లేని క్రిమి బతికేదెలా అంటారా? అలాంటివి కొన్ని ఏహెచ్‌పీ-సీ అనే మరో ప్రొటీనుని ఎక్కువగా చేసుకుని ఆ బదిలీ మనిషితో నెట్టుకొస్తున్నాయని 1996లో చూశారు.

అంతకన్నా గడుసువి మరో దారి పట్టాయి. ఐసోనియాజిడ్‌కి లొంగని క్షయ క్రిముల్లో ఎక్కువసార్లు కనపడే మార్పు ఇది: క్యాట్-జి ప్రొటీనులో 315వ స్థానంలో సెరైన్ ఉండవలసిన చోట త్రియోనిన్ వచ్చి కూర్చుంటుంది. ఒక్క గింజ మార్పు, అంతే. దానితో కాపలావాడు పెరాక్సైడుని విడగొట్టే పని దాదాపు ఎప్పటిలాగే చేస్తాడు, ఐసోనియాజిడ్ మూట మాత్రం విప్పడు. పాత శత్రువుని ఆపుతాడు, కొత్తవాడికి తాళం తియ్యడు.

ఇవాళ కఫం పెద్ద ప్రయోగశాలకి వెళితే, వారాల తరబడి క్రిముల్ని పెంచి నురగ కోసం ఎదురుచూడకుండా, వేలెడు వెడల్పు కూడా లేని కాగితపు పట్టీ మీద చూసే పరీక్ష ఒకటుంది. పట్టీ మీద అడ్డంగా సన్నటి గీతలు తేలుతాయి. వాటిలో క్యాట్-జి గీత ఉండవలసిన చోట ఉంటే డాక్టరు ఐసోనియాజిడ్ రాస్తారు. అది మాయమై పక్కన మరో గీత తేలితే, 1912లో ప్రాగ్ అల్మైరాలో పడుకున్న ఆ మందుని పక్కకి పెట్టి, మరో మందు కలం అందుకుంటారు.